కవ్వం అక్క నూరిన వాల్వులు

షెడ్డులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె కవ్వం అక్క. చివర రబ్బరు గిన్నె బిగించిన కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ తిప్పుతూ ఇంజను వాల్వులు నూరడం ఆమె పని. ఎవరో వెటకారానికి అన్న మాట అలా అతుక్కుపోయింది. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. ఇన్నేళ్లు చిలికినా ఒక్క వెన్నముద్ద తేలలేదని తనే నవ్వేది.

వాల్వు అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఇంజను పైభాగాన్ని షెడ్డులో హెడ్డు అంటారు. అందులో చిన్న చిన్న ఉక్కు తలుపులుంటాయి. కొన్ని గాలినీ పెట్రోలునూ లోపలికి రానిస్తాయి, కొన్ని కాలిన పొగను బయటికి సాగనంపుతాయి. ఆ తలుపులే వాల్వులు. మూసుకున్నప్పుడు వెంట్రుకంత సందు మిగిలినా ఇంజను బలమంతా అందులోంచే కారిపోతుంది. అందుకే ప్రతి వాల్వునూ, అది కూర్చునే చోటునూ గరుకు పేస్టు రాసి, రెండూ అతికినట్టు కుదిరేదాకా నూరాలి. ఆ పనికి యంత్రాలు వచ్చాయి. వచ్చినా చివరి నూరుడు మాత్రం చేత్తోనే పడాలని ఆమె బావగారి పట్టుదల.

షెడ్డు ఆ బావగారిదే. ఆమె భర్తకు స్వయానా అన్న. మాటలు పొదుపు, కోపం ధారాళం. పెళ్లయిన కొత్తలో ఒకరోజు పనివాడు ఎగ్గొడితే, భోజనం క్యారియరు తెచ్చిన మరదలి చేతిలో ఆ కర్ర పెట్టి, "కాస్త తిప్పుతుండమ్మా, ఇప్పుడే వస్తా" అని వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే వాల్వు అద్దంలా కూర్చుంది. ఆ కర్ర మళ్లీ ఆమె చేతిలోంచి దిగలేదు. ఆ తర్వాత ఆమె నూరిన హెడ్డు ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పుందని తిరిగి రాలేదు. నగలేసుకుని తిరిగే ఆడవాళ్లను చూసినప్పుడల్లా ఆమెకు ఈ సంగతి గుర్తొచ్చి మెడ కాస్త నిటారుగా నిలబడేది. ఆ మాత్రం గర్వం ఉండాలి కూడా.

ఇక ఆమె కడుపులో దాచుకున్న సంగతి. కొన్ని నెలలుగా కుడిచేతి వేళ్ల కొసలు మొద్దుబారుతున్నాయి. మొదట జాకెట్టు హుక్కులు పెట్టుకునేటప్పుడు తెలిసింది. పోతుందిలే అనుకుంది. పోలేదు సరికదా, కర్ర మీదికి పాకింది. నూరుడు పూర్తయిందని ఆమెకు చెప్పేది ఆ వేళ్లే. మొదట్లో పేస్టు గరుకు కర్ర వెంట పైకి పాకుతుంది. కుదిరేకొద్దీ ఆ గరుకు సన్నబడి, పట్టుగుడ్డ మీద వేలు జారినట్టవుతుంది. ఇప్పుడు గరుకుకీ నునుపుకీ తేడా చెప్పకుండా ఆ వేళ్లు మూగబోయాయి.

మరి పని ఎలా సాగుతోంది? చెవితో. గరుకు తగ్గేకొద్దీ చప్పుడు కూడా సన్నబడుతుందని ఆమె గమనించింది. గరగర కాస్తా సరసర అవుతుంది, ఆ సరసర కూడా ఆగిపోతే వాల్వు కుదిరినట్టు. కానీ షెడ్డు మూలనున్న గాలి కంప్రెసరు రోజంతా గుండెలు బాదుకుంటూనే ఉంటుంది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు మాత్రమే దాన్ని ఆపుతారు. అందుకని ఆమె భోజనం మానుకుని ఆ వేళకే అసలు నూరుడు పెట్టుకోసాగింది. చిన్నత్తయ్య నాజూకు కావాలని చూస్తోందని బావగారి కోడలు ఆటపట్టించేది. ఆమె నవ్వి ఊరుకునేది. నిజం చెబితే కర్ర దించమంటారు. కర్ర దించితే తనకింక షెడ్డులో ఏం పని?

అచ్చంగా చెవిని నమ్మి నూరిన మొదటి హెడ్డు పూల డ్రైవరుది. తోటల్లో కోసిన పూలను బుట్టలకెత్తి, తన కారులో కొండ దాటించి అవతలి మార్కెట్టుకు చేర్చడం అతని బతుకుతెరువు. అతని కారు ఇంజను షెడ్డుకు కొత్త రకం. అలాంటిది విప్పడం బావగారికి కూడా అదే మొదటిసారి. అన్నీ కుదిరి బండి బయటికెళ్లింది. వారం తిరగకుండానే మళ్లీ గుమ్మంలో నిలిచింది.

చదును రోడ్డు మీద బంగారంలా నడుస్తోందట. ఆగి ఉన్నప్పుడు నిద్రపోతున్న పిల్లిలా గురగురమంటోందట. కొండ ఎక్కేటప్పుడు మాత్రం నీరసపడి, వెనకొచ్చే లారీవాడితో కూడా తిట్లు తినిపిస్తోందట. ఈలోగా పూలు వాడిపోతున్నాయని అతను తల పట్టుకున్నాడు. బావగారు అంతా విని, హెడ్డు విప్పాలి అన్నాడు. ఆ మాట అంటూ ఆయన ఎవరివైపూ చూడలేదు. తప్పు తన వాల్వులదేనని ఆమె అనుకుంది. చెవి అబద్ధం చెప్పిందన్నమాట. ఇన్నేళ్ల పేరూ ఆ వేళ్లతో పాటే పోయిందన్నమాట.

ఆ రాత్రి భర్త ఏమైందని అడిగితే తలనొప్పి అంది. పొద్దున్నే వెళ్లి బావగారికి నిజం చెప్పేసి, కర్ర ఆయన చేతికిచ్చి రావాలని నిశ్చయించుకుంది. దారంతా మాటలు కూర్చుకుంది. తీరా షెడ్డులో అడుగుపెట్టేసరికి కారు పక్కన కోడలు కొంగు బిగించి నిలబడి ఉంది. పెళ్లికి ముందు ఆ పిల్ల పెద్ద కార్ల కంపెనీ వర్కుషాపులో చేసింది. కంప్యూటరు స్కానరు పెట్టి చూడటం ఇక్కడ ఆ కోడలి వాటా. హెడ్డు విప్పడం చిటికెలో పని కాదని, ముందు గాలి పట్టించి చూద్దామని మామగారిని ఒప్పించింది.

పద్ధతి తేలికే. పెట్రోలు మండే ఒక్కో సిలిండరులోనూ వాల్వులు మూసి ఉండేలా ఇంజను తిప్పి నిలిపి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి కొట్టి, అది ఎటు కారుతోందో వినాలి. గాలి ట్యాంకు నిండాక కంప్రెసరు ఆపేసింది కోడలు. రబ్బరు గొట్టం ఒక కొస ఆమెకిచ్చి, చెవికి పెట్టుకుని వినమంది. ముద్దాయినే తీర్పు చెప్పమన్నట్టుంది ఆమెకు. మొదటి సిలిండరు. గాలి వచ్చే దారిలో ఉలుకూ పలుకూ లేదు. పొగ పోయే దారిలోనూ లేదు. రెండోదీ అంతే. నాలుగు సిలిండర్లూ అయ్యాయి. తన చెవిని తనే నమ్మలేక గొట్టం బావగారికి అందించింది. ఆయన వంగి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"బాగా కూర్చున్నాయమ్మా" అన్నాడు.

ఆమెకు ప్రాణం లేచివచ్చింది. కానీ సగమే. వాల్వులు మంచివైతే మరి కొండ ఎందుకు ఎక్కదు?

కోడలు స్కానరు తగిలించి, ఇంజను నడిపించి, తెర చూపించింది. దాని మీద రెండు గీతలు. ఒకటి కారులోని కంప్యూటరు ఇచ్చిన ఆజ్ఞ, రెండోది క్యాంషాఫ్టు చేసిన పని. వాల్వులను నొక్కి తెరిచే గుండ్రటి కమ్మీ ఆ క్యాంషాఫ్టు. డ్రైవరు ఆక్సిలరేటరు తొక్కగానే మొదటి గీత చివ్వున లేచింది. రెండోది పడుకున్నచోటే పడుకుని, ఎప్పటికో బద్ధకంగా కదిలింది. ఆజ్ఞ దేనికి, కదలడం ఎటు, ఆమెకు అంతుపట్టలేదు. ఇంజను చెయిన్ లాగినంతసేపూ క్యాంషాఫ్టు తిరుగుతుంది, తిరిగేది మళ్లీ కదలడమేమిటి?

కోడలు లోపలికెళ్లి, బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టిన పళ్ల చక్రం తెచ్చింది. కంపెనీలో పారేస్తుంటే జ్ఞాపకానికి తెచ్చుకున్నది. మూత విప్పి ఆమె చేతిలో పెట్టింది. చుట్టూ చెయిన్ పట్టే పళ్లు. లోపల, క్యాంషాఫ్టుకు బిగించే మధ్యముక్క. ఆ ముక్కకు నాలుగు రెక్కలు, ఒక్కో రెక్కకు అటూ ఇటూ చిన్న ఖాళీ గది. ఒకవైపు గదుల్లోకి ఆయిల్ తోస్తే మధ్యముక్క కాస్త ముందుకు జరుగుతుంది, రెండోవైపు తోస్తే వెనక్కి వస్తుంది. బయటి చక్రం చెయిన్‌తో తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడులోనే లోపలిది కాస్త ముందుకో వెనక్కో తప్పుకుంటుంది.

"బస్సు తలుపు అనుకోండి చిన్నత్తయ్యా. జనం నింపాదిగా ఎక్కుతుంటే, చివరివాడు కాలు పెట్టగానే మూసేయాలి. లేకపోతే లోపలివాళ్లు మళ్లీ దిగిపోతారు. అదే వెనకనుంచి తోసుకొస్తుంటే ఇంకాస్త తెరిచి ఉంచాలి, ఆ తోపుకి ఇంకో నలుగురు లోపల పడతారు. పాత ఇంజన్లలో తలుపు వేళ ఫ్యాక్టరీలోనే రాసేసేవాళ్లు, ఇక చచ్చేదాకా అంతే. దీనికి అలా కాదు. వేగం చూసి, బరువు చూసి, నడుస్తూనే వేళ మార్చుకుంటుంది."

మూత మళ్లీ బిగించి, ఆయిల్ పోయే రంధ్రంలో గాలి కొట్టమని పిచికారీ ఇచ్చింది. ఆమె నొక్కింది. లోపల ఏదో గొళ్లెం టిక్కుమని ఊడింది, మధ్యముక్క మెత్తగా జరిగింది. ఇంకో రంధ్రంలో కొడితే వెనక్కి వచ్చింది. ఆమె మళ్లీ కొట్టింది. మళ్లీ మళ్లీ కొట్టింది. ఇన్నేళ్లుగా ఆమె వాల్వులను ప్రాణం లేకుండా బల్ల మీదే చూసింది. ఇంజను మామూలుగా పరుగెత్తేటప్పుడు అవి సెకనుకు పాతికసార్లు తెరుచుకుంటాయని విన్నప్పుడే అబ్బో అనుకుంది. అంత పరుగులో, ఆ పాతిక తెరుపుల మధ్య, ఎప్పుడు మూసుకోవాలో ఆలోచన మార్చుకోవడమా! ఆలోచించింది ఒక మనిషే కదా, ఏ మహానుభావుడో, మహానుభావురాలో. ఆమె ఆ చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని, పసిపిల్లను చూసినట్టు చూస్తూ నిలబడిపోయింది. అలాంటి తలుపులకా తను నునుపు పెట్టింది!

"మామయ్యా, ఇందులో ఏ ఆయిల్ పోశారు?" కోడలు మెల్లగా అడిగింది.

ఎప్పుడూ పోసేదే అన్నాడు బావగారు. అక్కడుంది తిరకాసు. పల్చటి ఆయిల్ ఆయన లెక్కలో నీళ్లతో సమానం. విప్పి బిగించిన ప్రతి ఇంజనుకూ చిక్కటి ఆయిల్ పోసి పంపడం ఆయన అలవాటు. పాత ఇంజన్లకు అది పథ్యంలా పనిచేసి, చప్పుళ్లన్నీ సర్దుకునేవి. ఈ చక్రంలోకి ఆయిల్ వెళ్లే దారులు మాత్రం సూదిబెజ్జాలు. ఆ చిక్కటి ఆయిల్ వాటిలో దూరి రెక్కలను తోసేసరికి కొండ సగం అయిపోతోంది. ఈలోగా తలుపులు ఆలస్యంగా మూసుకుంటుంటే, మింగిన గాలిలో కొంత ఇంజను తిరిగి కక్కేస్తోంది. ఆగి ఉన్నప్పుడు లాగాల్సిన బరువు లేక ఆ ఆలస్యమే దానికి సరిపోతుంది గనక, గుమ్మంలో నిలబడి చూసినవాళ్లకు ఏ లోపమూ కనపడలేదు.

బావగారు కోప్పడతాడనుకున్నారంతా. ఆయన తనే కారు కిందికి దూరి, చిక్కటి ఆయిల్ అంతా కార్చి, కోడలు చెప్పిన పల్చటి ఆయిల్ పోశాడు. ఆయిల్ దారిలో ఉండే చిన్న వడపోత జాలీ కూడా విప్పి కడిగాడు.

సాయంత్రం కొండ మీదికి బయల్దేరారు. డ్రైవరు పక్క సీట్లో ఆమె, వెనక స్కానరుతో కోడలు, బావగారు. వాళ్ల బరువు చాలదన్నట్టు పూలబుట్టల్లో ఇటుకలు పేర్చాడు డ్రైవరు. ఎత్తు మొదలైంది. ఆమె ఎదురుగా ఉన్న డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించింది. డ్రైవరు తొక్కాడు. వెనకనుంచి కోడలు, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయంది. ఆ మాట అనకముందే ఆమెకు తెలిసిపోయింది. ఇంజను గొంతు మారింది. ఎవరో వీపు మీద చెయ్యి వేసి పైకి తోసినట్టు కారు కదిలింది. మలుపు తర్వాత మలుపు, ఎక్కడా మొండికెయ్యలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఆమె దాచుకోలేదు.

కొండ మీద కారు ఆపాక, ఎందుకమ్మా నిన్నటినుంచి అలా ఉన్నావని బావగారు అడిగాడు. ఇక దాచడానికి ముఖం చెల్లలేదు. వేళ్లు చాపి చూపించింది. స్పర్శ పోయి నెలలైందని చెప్పింది. రేపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని కోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

"ఈ హెడ్డు ఆ వేళ్లతోనే నూరావా?" అన్నాడు ఆయన.

"చెవితో నూరాను బావగారూ. కంప్రెసరు ఆపినప్పుడు."

ఆయన కింద కనిపిస్తున్న రోడ్డువైపు తిరిగాడు.

"నేను చూడు, నలభై ఏళ్లుగా ఒకే ఆయిల్ పోస్తున్నాను" అన్నాడు.

మర్నాడు డాక్టరు ఏదో నరం నొక్కుకుందని మందులు రాసి, వేళ్ల సంగతి అప్పుడే చెప్పలేనన్నాడు. అక్కడినుంచి ఆమె నేరుగా షెడ్డుకే వచ్చింది. బల్ల మీద ఇంకో హెడ్డు ఎదురుచూస్తోంది. మూలన కంప్రెసరు మోత మోగిస్తోంది. భోజనాలకింకా చాలా టైముంది. ఆమె పేస్టు రాసి, కర్ర అందుకుని, ఒక్క క్షణం ఆగింది.

"దాన్ని కాసేపు ఆపండి. నాకు వినపడాలి" అంది, అందరికీ వినపడేలా.

బావగారు చేతిలో పని పక్కన పెట్టి, తనే లేచి వెళ్లి కంప్రెసరు ఆపాడు.