అందరూ కళ్ళు మూసుకునే వేళ

యెలెమియా తాత సీమపనస చెట్టు మీంచి పడ్డాడంటే అందులో చెట్టు తప్పేమీ లేదు. అది అరవై మూడేళ్ళ మనిషి ఎక్కాల్సిన చెట్టు కాదు. ఆదివారం చర్చి అయ్యాక తినే భోజనానికి శనివారమే కాయలు కోసుకోవాలి, ఎక్కగలిగిన మగాళ్ళు ఇంట్లో ముగ్గురున్నారు. కానీ పాస్టరు గారి భార్య అటుగా పోతూ పైకి చూసి, "అబ్బ, ఎంత ఎత్తో, ఎవరెక్కుతారో పాపం" అంది. అంతే, తాత చొక్కా విప్పేశాడు. పదకొండు కాయలు కోశాడు. పన్నెండో కాయతోపాటు తనూ వచ్చాడు.

పడవలో పట్నానికి, ఆపియా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నాలుగు నెలలకు వెన్ను అతికింది. ఎడమకాలు మెల్లమెల్లగా దారికొచ్చింది. కుడికాలు మాత్రం ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉండేది, చెప్పిన పని ఒక్కటీ చేసేది కాదు.

తాత ఇంటికి ఎదురుగా పచ్చికమైదానం, దాని అవతల చర్చి. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆ చర్చి పాటల్లో తాతది మంద్రం. మగాళ్ళ వైపు మూడో బల్ల, సముద్రం వైపు కిటికీ పక్కన ఆయన చోటు. ఇప్పుడు ఆదివారం వస్తే చాప మీద పడుకుని పాట వినేవాడు. పాట కింద నేల లేనట్టుండేది. ఆ ఖాళీలో తన గొంతు పెట్టబోయి, పెట్టలేక, పెదాలు మాత్రం కదిపేవాడు.

ఇంటికొచ్చిన మొదటి ఆదివారమే అన్న కొడుకు సెఫో ఇంకో ముగ్గురితో కుర్చీ పట్టుకుని వచ్చాడు.

"ఎక్కు బాబాయ్, మోసుకెళ్తాం."

"ఎంతమంది వచ్చారు?"

"నలుగురం."

"నన్ను నలుగురు మొయ్యాల్సిన రోజు ఇంకా రాలేదురా. అంతదాకా నా కాళ్ళతోనే వెళ్తా, లేదా వెళ్ళను."

వాళ్ళు వెళ్ళకపోతే చెప్పు విసిరాడు. అది గురితప్పి ఆయన భార్య తెలేసియా మామ్మ చారుగిన్నెలో పడింది. ఆ సంగతి మామ్మ ఇప్పటికీ మరిచిపోలేదు.

మాట అయితే అనేశాడు, మరి నడక నేర్చుకునేదెక్కడ? ఊళ్ళో ఏ ఇంటికీ గోడలు లేవు. చుట్టూ గుంజలు, పైన కప్పు. ఎవరింట్లో ఎవరు తుమ్మినా ఊరంతా దీవిస్తుంది. ఊతకర్రలతో ఒక్క అడుగు వేస్తే చాలు, పది ఇళ్ళలోంచి ఇరవై కళ్ళు. పది నోళ్ళు "జాగ్రత్త, జాగ్రత్త" అనేవి. ఆ మాట వినగానే తాత కుడికాలు సిగ్గుపడి ముడుచుకుపోయేది.

ఊరంతా ఒకేసారి కళ్ళు మూసుకునే వేళ ఒకటుంది. సాయంత్రం ప్రార్థన వేళ, ఊళ్ళో దాన్ని 'సా' అంటారు. మొదటి శంఖానికి అందరూ ఇళ్ళలోకి చేరాలి. రెండో శంఖానికి పాట, వాక్యం, ప్రార్థన. మూడో శంఖం మోగేదాకా ఎవరూ బయట అడుగు పెట్టకూడదు. పెట్టినవాణ్ణి ఆపడానికి దారికి రెండువైపులా సెఫోలాంటివాళ్ళు కాపలా కూర్చుంటారు. పుట్టి బుద్ధెరిగాక తాత ఆ కట్టు తప్పింది లేదు, తప్పినవాళ్ళను తిట్టడంలో మాత్రం ముందుండేవాడు.

"వెన్నుకి వెచ్చగా ఉంటుంది, సా వేళ నేను వెనక వంటపాకలో కూర్చుని ప్రార్థన చేసుకుంటా" అన్నాడు మామ్మతో.

"పొగలోకి దేవుడొస్తాడా?"

"నాకోసం వస్తాడు."

"కళ్ళు మండి ఏడుస్తాడు పాపం" అంది మామ్మ. అంతకుమించి అడగలేదు. ఇంటిపెద్ద చేయించాల్సిన ప్రార్థన తనే మొదలుపెట్టింది.

తాత వంటపాక వెనకనుంచి చుట్టూ తిరిగి మైదానంలోకి వచ్చాడు. కాపలావాళ్ళ కళ్ళు దారిమీదే ఉంటాయని ఆయన ధీమా. "ప్రభువా, అందరి మొరా వింటున్నావు కదా, కాస్త నా కాలి మొర కూడా విను. కట్టు తప్పుతున్నానని నాకూ తెలుసు. ఆ లెక్క తర్వాత చూసుకుందాం" అన్నాడు. తొమ్మిది అడుగులు వేశాడు. చెమటలు పట్టాయి. మూడో శంఖం మోగేలోపు వెనక్కి పాకినంత పని చేశాడు.

ఇంటినుంచి చర్చి మెట్టుకి నూట పది అడుగులు. పడుకునే ముందు రోజూ కళ్ళతో నడిచి వచ్చేవాడు. తొమ్మిది పదిహేనైంది, ఇరవై ఎనిమిదైంది. కానీ వింతగా శంఖం కూడా వెనక్కి జరుగుతూ వచ్చింది. నలభై అడుగులు వెళ్ళి తిరిగి వచ్చి, వంటపాకలో ఊపిరి తీసుకున్నాక గానీ మోగేది కాదు. దేవుడు తనకోసం పొద్దును పట్టి ఆపుతున్నాడని తాత గట్టిగా నమ్మాడు. ఆ గర్వంలో రెండురోజులు కుడికాలిని తిట్టడం కూడా మానేశాడు.

"ఈమధ్య పెనితాలాకి మతిమరుపు ఎక్కువైంది, శంఖం ఊదడం ఆలస్యం చేస్తున్నాడు, దుంపలు చల్లారిపోతున్నాయి" అని మామ్మ మొహం పక్కకి తిప్పుకుని అనేది.

ఒక గురువారం మధ్యాహ్నం వాన పడింది. సా వేళకి గడ్డి ఇంకా తడిగానే ఉంది. డెబ్భై రెండో అడుగు దగ్గర ఊతకర్ర జారింది. తాత బోర్లా పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు, కానీ లేవలేకపోయాడు. చేతులు ఆనించి రెండుసార్లు చూశాడు, నడుము రాలేదు. ఇళ్ళలో పాట, వాక్యం, ప్రార్థన అన్నీ అయిపోయాయి. ఇక మూడో శంఖం మోగుతుంది, అందరూ బయటికి వస్తారు, నడిమైదానంలో ఎండబెట్టిన చేపలా తను. తాత గడ్డిలో మొహం దాచుకుని ఎదురుచూశాడు.

శంఖం మోగలేదు. పాట మళ్ళీ మొదలైంది. అదే పాట. అది అయ్యాక మూడోసారి.

తాత మెల్లగా తల తిప్పాడు. ఎదురింట్లో పాస్టరు గారి భార్య చేతులు జోడించి పాడుతోంది, ఒక కన్ను తెరిచి. తాత చూడగానే ఆ కన్ను టక్కున మూసుకుంది. పక్కింట్లో రెండు జతల కళ్ళు. ఆ పక్కింట్లో నాలుగు. సొంత ఇంట్లో తెలేసియా మామ్మ అయితే నటించనైనా లేదు. లేచి నిలబడి, గుంజను రెండు చేతులా పట్టుకుని, తన వైపే చూస్తూ పాడుతోంది.

తాత నోట ప్రార్థన వేళ రాకూడని మాటలు రెండు మూడు వచ్చాయి. ఆ తర్వాత సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పైగా దారి పక్కన కూర్చున్న సెఫో ఆ పాటకి మంద్రం పాడుతున్నాడు, పిల్లి తోక తొక్కినట్టు. నాలుగో విడతకి తాత ఇక భరించలేక, బోర్లా పడుకునే, తనే అందుకున్నాడు. ఛాతీ కింద తడినేల అదిరింది. పాట చివరిదాకా వెళ్ళి ఆగింది.

ఎవరూ రాలేదు. తను పిలవకపోతే ఎవరూ రారు. తెల్లారేదాకా పాడుతూనే ఉంటారు.

"ఒరే సెఫో."

"ఏంటి బాబాయ్?" అన్నాడు సెఫో తల తిప్పకుండా.

"నన్ను చూశావా?"

"లేదు బాబాయ్. ప్రార్థన వేళ కదా."

"ఎన్నాళ్ళనుంచి చూడట్లేదు?"

"తొమ్మిదో అడుగునుంచి."

తాత మొహానికంటిన గడ్డి తుడుచుకున్నాడు.

"వచ్చి లేపు."

"మూడో శంఖం కాలేదు బాబాయ్, నడిస్తే తప్పు. నీకు తెలియందేముంది."

"పెనితాలా, ఊదవయ్యా ఇక" అని కేకేశాడు తాత. "ఇంటింటా దుంపలు చల్లారిపోయాయి."

పెనితాలా ఊదాడు. నవ్వాపుకుంటూ ఊదాడో, ఏడుపాపుకుంటూ ఊదాడో, శంఖం మాత్రం గాలి పోయిన బంతిలా కూసింది. సెఫో, ఇంకో ముగ్గురు వచ్చారు. తాత లెక్కపెట్టాడు. లెక్కపెట్టి ఊరుకున్నాడు.

"ఎటు బాబాయ్? ఇల్లు వెనక్కి, చర్చి ముందుకి."

"ముందుకే."

మోసుకెళ్ళి మూడో బల్ల మీద కూర్చోబెట్టారు. చెక్క మీద ఆయన కూర్చుని కూర్చుని పడ్డ గుంట అలాగే ఉంది. వాళ్ళు మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. మామ్మ వచ్చి, ఆడవాళ్ళ వైపు కాకుండా ఆయన పక్కనే కూర్చుని, ఆయన మోచేతికంటిన గడ్డి దులిపింది.

"ఆదివారానికి ఇంకెన్ని రోజులు?"

"మూడు."

"అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటా."

"కూర్చో. నీ వాటా కూడా నేనే తింటా."

తాత నవ్వాడు. నవ్వుతూనే కిటికీలోంచి చూశాడు. ఆటుకి నీళ్ళు వెనక్కి పోయాయి. పగడపు దిబ్బ దగ్గర ఎవరో ఈటె పట్టుకుని చేపలకోసం నడుస్తున్నారు, మోకాళ్ళలోతు నీళ్ళలో, ఏ తొందరా లేకుండా. పడకముందు ఆ వేళకి అక్కడ నడిచేది తనే. ఆ మనిషి ఎవరని తాత అడగలేదు. ఆ మోకాళ్ళనే చూస్తూ కూర్చున్నాడు, మసకచీకటిలో అవి కనపడకుండా పోయేదాకా.