శుక్రవారం ఇంగ్లీషు

నాకు అక్షరాల కంటే ముందు ఇంగ్లీషు వచ్చింది. గల్ఫ్‌లో ఒక ఇంట్లో వంట చేస్తూ, ఆ ఇంటి పిల్లలతో, డ్రైవరుతో, కూరగాయల దుకాణం అతనితో మాట్లాడుతూ నేర్చుకున్న ఇంగ్లీషు అది. చదవడం, రాయడం మాత్రం చొప్పదండికి తిరిగొచ్చాక, తల సగం నెరిశాక, సాయంత్రం బడిలో నేర్చుకున్నాను. ముందు తెలుగు, ఆ తర్వాత ఇంగ్లీషు. ఏళ్ల తరబడి నోటితో అన్న ‘కిచెన్’ను మొదటిసారి కాగితం మీద చూసినప్పుడు, నేను పనిచేసిన గదిని ఎవరో బయటి నుంచి చూపించినట్టు అనిపించింది.

మా వాడకట్టులో ఒకామె భర్త గల్ఫ్‌లోనే ఒక కంపెనీలో పనిచేసేవాడు. సూపర్‌వైజర్ ఎందుకు తిడుతున్నాడో కూడా ఆయనకు తెలియడం లేదని ఆమె మొత్తుకుంటే, ఫోన్‌లో నాలుగు మాటలు నేర్పాను. ఆయన ఇంకొకరికి చెప్పాడు, వాళ్లు ఇంకో గదివాళ్లకు చెప్పారు. అలా శుక్రవారం క్లాసు మొదలైంది. అక్కడ సెలవు ఆ రోజే. బట్టలు ఉతుక్కుని, నమాజుకు పోయేవాళ్లు పోయివచ్చి, అన్నాలు తిన్నాక, మాకిక్కడ ఎండ వాలే వేళకు ఫోన్ చేసేవాళ్లు. ఫోన్‌ను మంచం మీద పెట్టుకుని చుట్టూ కూర్చునేవాళ్లు. ముందు ఫ్యాను చప్పుడు వినపడేది, తర్వాత మనుషులు.

ప్లాస్టిక్ సీసాలు తయారుచేసే కంపెనీ గదిలో ఇద్దరు ఒక్క క్లాసూ తప్పేవాళ్లు కాదు. ఒకతను హుస్నాబాద్ వైపు మరమగ్గాలు నడిపినవాడు. ఆ మగ్గాలను యజమాని తుక్కు కింద అమ్మేస్తే దేశం దాటాడు. రెండో ఆయన పెద్దవాడు, ఇచ్చోడలో రోడ్డు మీద పంక్చర్లు వేసిన భాయి. హుస్నాబాద్ తమ్ముడు నన్ను అక్కా అనేవాడు, భాయి ఆపా అనేవాడు. ఇద్దరూ ఒకే బెల్టు దగ్గర నిలబడి సీసాలు పెట్టెల్లో సర్దేవాళ్లు.

ఒకరోజు తమ్ముడి భార్య కరీంనగర్‌లో బస్సు మారి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇంటి దగ్గర లంగాలు కుట్టే మనిషి. వేళ్లకు దారపు పోగులు అంటుకుని ఉన్నాయి.

“కంపెనీల కొత్త మిషిన్ వచ్చిందటక్కా. పెట్టెలు అదే నింపుతదట. మేనేజరు ఇంగ్లీషుల ఇంటర్వ్యూ చేసి, మాట్లాడినోళ్లను గోదాములకు తీసుకుంటడట. మిగిలినోళ్లను ఇంటికి తోలుతరట. ఈయనకు జర గట్టిగ చెప్పు.”

“చెప్తున్ననే, బిడ్డా. మాటలు మంచిగనే పట్టుకుంటడు.”

“పట్టుకుంటడు గని నోరు తెరువడు. ఇంట్ల సుత అంతే. కూర కావాల్నని అడుగడు. కంచంల చెయ్యి పెట్టి కూసుంటడు. నేను చూసి ఎయ్యాలె.”

“నువ్వు చూడకుంటే?”

“ఉత్త బువ్వ తిని లేస్తడు.” ఆమె నవ్వింది. వేలికున్న పోగు లాగుతూ, “గక్కడ ఎవరు చూస్తరక్కా?” అంది.

ఇక్కడికొస్తే చేయడానికి అతనికి పని లేదు. అది ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఛాయ్ తాగి మళ్లీ బస్సుకు పోయింది.

ఆ శుక్రవారం నుంచి ఇంటర్వ్యూ పాఠమే. మేనేజరులా గొంతు పెంచి, నీ గురించి చెప్పు అని ఇంగ్లీషులో అడిగాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

“తమ్మీ, ఉన్నవా?”

“ఉన్ననక్కా.”

“మరి చెప్పు.”

“ఏం చెప్పాలక్కా? నా గురించి నేనే ఎట్ల చెప్పుకుంట?”

వెనుక నుంచి భాయి గొంతు. “అరె ఆపా, గీని పెండ్లిచూపులల్ల గూడ గీడు మాట్లాడలే. మేనమామ మాట్లాడిండట. మేనమామకే పిల్లనిస్తరేమోనని అందరు పరేషాన్ అయిండ్రట!”

గదంతా నవ్వింది. తమ్ముడు కూడా నవ్వాడు.

నవ్వాల్సిన మాటే, కానీ అబద్ధం కాదు. మా దిక్కు తన మంచి తాను చెప్పుకోవడం నామోషీ. మగ్గాల మీద పనికి పెట్టుకునేటప్పుడు తెలిసినవాడు ఒకడు వెంటవచ్చి ‘మంచిగ నడుపుతడు’ అని చెబుతాడు. పని కావలసినవాడు పక్కన తలవంచుకుని నిలబడతాడు. అలా నిలబడటమే మర్యాద. నేను గల్ఫ్‌కు పోయేటప్పుడు కూడా, వంట వచ్చా అని ఏజెంటు నన్ను అడిగితే మా అన్న ‘వచ్చు’ అన్నాడు. అక్కడికి పోయాక నా కోసం చెప్పేవాళ్లు లేక, నా నోటితో నేనే చెప్పుకున్నాను. మొదటిసారి చెప్పినరోజు అన్నం సయించలేదు.

అందుకే వాళ్లకు ఒక దారి చూపించాను. నీ గురించి వద్దు, భాయి గురించి చెప్పు అన్నాను.

అంతే. గడ్డకట్టిన నూనె కరిగినట్టు మాట వచ్చింది. “హి ఈజ్ ఎ గుడ్ వర్కర్ సర్. హి కమ్స్ బిఫోర్ సైరన్. హి నెవర్ ఫైట్స్. హి హెల్ప్స్ న్యూ పీపుల్.” భాయి తన వంతు వచ్చేసరికి తమ్ముడిని ఆకాశానికి ఎత్తాడు. గదిలో అందరూ జంటలు కట్టి ఒకరినొకరు పొగుడుకున్నారు. అంత సంబరమైన క్లాసు నాకు మళ్లీ దొరకలేదు.

మరుసటి శుక్రవారం, ఇప్పుడు అవే మాటలు మీ గురించి చెప్పుకోండి అన్నాను. భాయి రెండుసార్లు దగ్గి, ఎలాగో చెప్పేశాడు. రోడ్డు మీద దుకాణం పెట్టినవాడు, లారీవాళ్లను పిలిచి పని అడిగిన గొంతు.

తమ్ముడు, “ఐ యామ్ వర్కర్ సర్” అన్నాడు.

“గుడ్ ఏది తమ్మీ?”

“అది సార్ చూసి అనుకుంటడు తియ్యక్కా.”

బతిమాలాను, కోప్పడ్డాను. అతని భార్యతో చెప్పించాను. ఎంత చెప్పినా ఆ ఒక్క మాట దగ్గర ఎద్దు మొరాయించినట్టు ఆగిపోయేవాడు.

ఇంటర్వ్యూ అయిన రోజు భాయి ఫోన్ చేశాడు. సెలవు కాని రోజు ఫోన్ రావడంతో, చేతిలో పని వదిలేసి ఎత్తాను.

“ఇద్దరిద్దరిని పిలిచిండ్రు ఆపా. మేమిద్దరం ఒక్కసారే పోయినం. ఒక్కటే జాగ ఉంది, నిన్నెందుకు తీసుకోవాలె అని ముందు గీన్నే అడిగిండు. గీడు నా దిక్కు చూసిండు. చూసి... షురూ చేసిండు ఆపా. హి ఈజ్ ఎ గుడ్ వర్కర్ సర్ అని. నువ్వు చెప్పిందంత. ఒక్క తప్పు లేదు. నేను కాలు తొక్కిన. ఆగలే.”

“మేనేజరు ఏమన్నడు?”

“నవ్విండు. మరి నీకు జాబ్ వద్దా అన్నడు. గీడు గూడ నవ్విండు. పెద్దోళ్లు నవ్వితె మనం నవ్వుతం కద. నేను చెప్పిన ఆపా, ఖుదా కసమ్, హి ఆల్సో వెరీ గుడ్ అని చెప్పిన. నెక్స్ట్ అన్నడు.”

భాయి ఏడుస్తున్నాడని కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. ఫోన్ తమ్ముడికి ఇచ్చాడు.

“ఎందుకట్ల చేసినవ్, తమ్మీ?”

“చెయ్యాల్నని చెయ్యలేదక్కా. భాయి పక్కన నిలబడ్డడు. ఆయన ముందట నేను మంచోన్నని ఎట్లంట?” మళ్లీ తనే, “ఇంగ్లీషు మంచిగ వచ్చిందక్కా,” అన్నాడు, నన్ను ఓదార్చడానికి.

గోదాములో జాగ భాయికే దొరికింది. తమ్ముడు ఇంటికి వచ్చేశాడు. వచ్చాక మార్కెట్ యార్డులో బస్తాలు మోశాడు, ఆ పని సీజను ఉన్నన్నాళ్లే. భార్య కుట్టిన లంగాలు మూటగట్టి దుకాణాలకు వేసి వచ్చేవాడు. భాయి మొదట్లో ప్రతి శుక్రవారం ఫోన్ చేసి అతని సంగతి అడిగేవాడు. ఆ తర్వాత ఇంకో దూరపు గోదాముకు మార్చారన్నాడు. మెల్లగా ఫోన్లు తగ్గాయి. నేను కూడా క్లాసు నడపలేకపోయాను. ఫోన్ మోగితే ముందు ఆ ఫ్యాను చప్పుడు వినాలి, అది నావల్ల కాలేదు.

మొన్న ఎండాకాలం కరీంనగర్‌లో ఒక ఏజెంటు దగ్గర ఇంటర్వ్యూలు ఉన్నాయని తెలిసి తమ్ముడి భార్య నన్ను అతని వెంట పొమ్మంది. పోయాను. చిన్న గది, గోడలకు ఆనుకుని మనుషులు. మా వంతు వచ్చింది. టేబుల్ అవతలి అతను తల ఎత్తకుండానే, ఏమేం పని వచ్చు అని ఇంగ్లీషులో అడిగాడు.

తమ్ముడు తలవంచుకుని నిలబడ్డాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను, అతని బదులు మాట్లాడకూడదని దారంతా అనుకుంటూ వచ్చాను కాబట్టి. అవతలి అతను పెన్ను టేబుల్ మీద కొట్టాడు. వెనుక ఎవరో, “జల్ది చెప్పు, భయ్” అన్నారు. తమ్ముడు నా దిక్కు చూశాడు. నేను చెప్పేశాను. మగ్గాలు, సీసాలు, బస్తాలు, సైరన్ కంటే ముందే పోతాడని కూడా.

“ఇంగ్లీషు మంచిగుందమ్మా. ఇంతకూ పోయేది నువ్వా, ఆయనా?” అన్నాడతను. అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. పేరు రాసుకోకుండానే తర్వాతివాళ్లను పిలిచాడు టేబుల్ అవతలి అతను.

బస్టాండు దగ్గర ఛాయ్ చెప్పి డబ్బులు కూడా ఇచ్చాం. గిరాకీ ఎక్కువగా ఉంది. మా తర్వాత వచ్చినవాళ్లు గ్లాసులు అందుకుని తాగి వెళ్లిపోతున్నారు. తమ్ముడు కౌంటరు ముందే, ఛాయ్ పోసే అతనికి కనబడేట్టుగా నిలబడ్డాడు. మా ఛాయ్ ఏదని నాకు నోటిదాకా వచ్చింది, పళ్లు బిగబట్టాను. ఈసారి అడుగుతాడేమోనని చూశాను. ఇంకో గిన్నె పొంగింది, అదీ అయిపోయింది.

హుస్నాబాద్ బస్సు వచ్చింది. “పోయొస్తనక్కా” అని, ఛాయ్ తాగకుండానే ఎక్కాడు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను కూడా ఊపి, చొప్పదండి బస్సు ఆగేచోటికి నడిచాను.