కింది రెప్ప చూసే సారు

మా సైన్సు సారు మొన్న బేస్తారం పొద్దుగాల పానం ఇడిసిండు. నిరుడు కొత్త హెడ్మాస్టరు "పిల్లలేమన్న గొర్లా?" అని అందరి ముంగట అడిగి, ఆయన సోమవారం పనిని ఆపిచ్చిండు. గా తప్పు హెడ్మాస్టరుది. నోరు మూసుకొని చూసిన తప్పు మనది.

కోస్గి దిక్కు గొర్లు కాసే ఇంట్ల పుట్టిన మనిషి మా సారు. గొర్రెకు నెత్తురు తగ్గిందా అని కాపరులు దాని కింది రెప్ప గుంజి చూస్తరు. తెల్లగుంటే మందు పోస్తరు. సారు గూడ ప్రతి సోమవారం ప్రార్థన అయినంక పిల్లలను ఎండకు నిలవెట్టి గట్లనే చూసెటోడు. ఒక్కొక్కరిని చూసినంక చేతులు కడుగుడు. అంగీ జేబుల సబ్బుబిళ్ల డబ్బీ ఎప్పుడూ ఉండేది.

మా చెల్లె ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు రెప్ప పాలిపోయి కనిపిస్తే సారు మా ఇంటికే వచ్చిండు. నెత్తుర్ల ఇనుముంటదని నేను అప్పటికే ఒక కరపత్రంల చదివిన. చెల్లెకు తాపుదామని తుప్పు పట్టిన ఇనుప మొలలు ముంతల నానవెట్టిన. సారు ముంతలకు తొంగిచూసి నవ్వు ఆపుకోలేకపోయిండు.

"తుప్పు తాపితే దర్వాజ గొళ్లెం తయారైతది గని, పిల్లకు నెత్తురు పట్టదురా."

ముంత పారబోసి, మమ్మల్ని సర్కారు దవాఖానకు తోలుకపోయిండు. పరీక్షలు చేసి గోలీలిచ్చిండ్రు. చెల్లె కోలుకున్నది. ఆనాడు దవాఖాన లైన్ల నిలబడే, నెత్తురు ఎర్రగ ఎందుకుంటదో నాకు పాఠం చెప్పిండు. గుడ్డు తెల్లసొన గూడ ప్రోటీనే, దానికి రంగేది అని అడిగిండు. శానా ప్రోటీన్లకు రంగుండదట. నెత్తుర్ల ప్రోటీన్ మాత్రం తన మడతల్ల ఒక చిన్న చక్రమసొంటి అణువును పెట్టుకుంటది. దాని నడుమ ఇనుము. గా చక్రం వెలుగుల మిగతా రంగులను మింగి ఎరుపును ఇడిసిపెడ్తది. పొలం గట్టు ఎండ్రికాయ నెత్తురు గాలి తగిలితే నీలమైతదట. దాని ప్రోటీన్ పట్టుకున్నది రాగిని.

"ఇనుము ఒక్కటే ఉంటే తుప్పే. సరిగ్గ పట్టుకునేటోళ్లు ఉంటెనే అది ఊపిరి మోస్తది."

నిరుడు సోమవారం పని ఆపిచ్చినప్పుడు నేను హెడ్మాస్టరు మీదికి పోతనంటే, కోపం మంచిదేగని ముందు చేతులు కడుక్కో, పనున్నది అన్నడు సారు.

పోయిన నెల పదో తరగతి పిల్ల ప్రార్థనల కండ్లు తిరిగి పడ్డది. పొద్దుగాల తినకుండ వచ్చిందన్నరు. అప్పటికే జబ్బుతోని మంచం పట్టిన సారు నన్ను ఒక్కటే అడిగిండు: "రెప్ప ఎవరన్న చూసిండ్రా?"

ఎవరం చూడలే.

సోమవారం పొద్దుగాల తొమ్మిదింటికి హైస్కూలు గేటు కాడికి రండ్రి. సర్కారు దవాఖాన నర్సమ్మ వస్తనన్నది. లోపలికి రానిస్తే లోపల, లేకుంటే రోడ్డు మీద. పిల్లల తల్లులు గూడ రావాలె. ఇన్నేండ్ల సంది మీ రెప్పలు ఎవరు చూసిండ్రు? తూర్పుకు మొహం పెట్టి నిలబడండ్రి, ఎండ సీదా కండ్లల్ల పడాలె.