గోకొద్దు బాబాయి

మా బాబాయికి ఈ ప్రపంచంలో గిట్టని పని ఒక్కటే, గోక్కోవడం. ఎవరి చెయ్యి ఎవరి వీపు మీదికి పోయినా సరే, అర మైలు అవతలి నుంచైనా "గోకొద్దు!" అని కేక వినపడేది. బాబాయంటే సొంత బాబాయి కాదు. భూములు కొలిచే ఆఫీసులో నేను సర్వేయరుగా చేరేసరికి ఆయన అక్కడ ముప్పయ్యేళ్లుగా కొలత గొలుసు పట్టుకుని ముందు నడిచే మనిషి. అందరూ ఆయన్ని గోకొద్దు బాబాయనే పిలిచేవారు. నేనూ ఆ వరసే కలిపేసుకున్నాను.

మేం కొలవాల్సింది ఏటి ఒడ్డు. రెల్లు, బురద, పశువులు తిరిగే దారి, ఆ పశువుల వెనకే జోరీగలు. దోమైతే దొంగలా వచ్చి కుట్టిపోతుంది. జోరీగ పట్టపగలు వచ్చి కోసి పోతుంది.

"కరిచిందా? ముందు సబ్బుతో కడుగు. ఆ తర్వాత ఐసు. ఆపైన వంటసోడా ముద్ద. గోకావో, ఇక నీ ఖర్మ. గోకినకొద్దీ పెరుగుతుంది." ఇదీ ఆయన రోజూ చదివే మంత్రం.

ఆ సరంజామా అంతా మూడు గిన్నెల క్యారేజీలో ఉండేది. పై గిన్నెలో ఐసు, మధ్య గిన్నెలో వంటసోడా ముద్ద, కింద సబ్బూ తడిగుడ్డలూ. మరి ఆయన భోజనమో? కాగితం పొట్లంలో, జేబులో! ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరుగారు ఆకలికి ఆగలేక క్యారేజీ విప్పి, మధ్య గిన్నెలోది పెరుగనుకుని ఒక చెంచాడు నోట్లో వేసుకున్నారు.

"ఏంటయ్యా ఇది, ఇలా ఏడ్చింది?"

"అయ్యో, నాలిక మీద కరిచిందాండీ?" అని బాబాయి పరిగెత్తుకొచ్చాడు.

"కరవలేదయ్యా బాబూ!"

"అయితే ఉమ్మెయ్యండి. నాలిక మాత్రం గోకొద్దు."

తగాదాలకీ ఆయన దగ్గర ఇదే వైద్యం. ఓ హద్దు దగ్గర అన్నదమ్ములిద్దరు తాతల నాటి సంగతులన్నీ తవ్వుకుంటూ మీదమీదికి పోతుంటే మధ్యలో దూరి, "గోకొద్దయ్యా, గోకినకొద్దీ పెరుగుతుంది" అని చెరో తడిగుడ్డ చేతిలో పెట్టాడు. ఎందుకో అర్థంకాక వాళ్లు మొహాలు తుడుచుకున్నారు. ఆ తర్వాత ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వేశారు. ఆయన భార్య, అంటే మా పిన్ని, పెళ్లయిన కొత్తలో అలిగి మూతి ముడుచుకుంటే ఆ మూతికి కూడా ఐసు రాశాడట ఈ మహానుభావుడు.

ఇక నా సంగతి. నాకు జోరీగ కాటు బొత్తిగా పడదు. చేరిన మూడోరోజే ఒకటి కనురెప్ప మీద కరిచింది. సాయంత్రానికి సగం మొహం గుమ్మడికాయంతైంది. పెద్దాఫీసరుగారు ఓసారి నా మొహం చూసి, చెప్పదలుచుకున్నది చెప్పేశారు.

"ఇంకోసారి ఇలా వాచి వచ్చావంటే ఆఫీసులో కూర్చోబెట్టి నకళ్లు రాయిస్తానమ్మాయ్. బయటి పనికి ఇంకొకర్ని చూసుకుంటాను."

నాకు ఏడుపొచ్చింది. బయట తిరిగే పని కావాలనే రెండుసార్లు పరీక్ష రాసి ఈ ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. నాలుగ్గోడల మధ్య కూర్చోమంటే నాకది జైలే. ఏటి ఒడ్డు పని ఇంకా మూడు నెలలుంది. ఆ మూడు నెలలూ మొహం వాయకుండా గడవాలి, అంతే.

బాబాయి నా కంటి మీద ఐసుగుడ్డ పట్టుకుని పాఠం చెప్పాడు. "చూడమ్మాయ్, జోరీగకి ముదురు రంగంటే ప్రాణం. ముదురు నీలం కదులుతూ కనపడిందా, పక్కనున్న తెల్లబట్టల వైపు కన్నెత్తి చూడదు. సోమవారం నుంచి తెల్లబట్టలు వేసుకో, నిండు చేతులవి. తెలిసిందా?"

సోమవారం నేను బుద్ధిగా తెల్లబట్టల్లో వెళ్లాను. బాబాయి ముదురు నీలం కోటులో వచ్చాడు!

మండుటెండ. మోకాళ్ల దాకా కోటు. అది చాలదన్నట్టు దాని వీపంతా ఎలుకలు పట్టే జిగురు. గొలుసు పట్టుకుని నా ముందు చేతులు ఊపుకుంటూ నడిచేవాడు. మధ్యాహ్నమయ్యేసరికి ఆ వీపు మీద జోరీగల జాతర.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడిందట. ఏంటి బాబాయ్ ఈ వేషం?" అన్నాను.

"వయసు మీద పడిందమ్మాయ్. చలి."

"ఈ ఎండలోనా!"

"నా చలి నాది."

ఓరోజు ఆ కోటుతోనే ఆఫీసులో కుర్చీకి జారబడ్డాడు. పెద్దాఫీసరుగారు లోపలికి రాగానే గబుక్కున లేచి దణ్ణం పెట్టాడు. వీపుతోపాటు కుర్చీ కూడా లేచింది.

"పర్లేదు, కూర్చోవయ్యా."

"కూర్చునే ఉన్నట్టున్నానండీ" అన్నాడు బాబాయి, కుర్చీ వైపు చూడబోయి గిరగిరా తిరుగుతూ.

నన్ను మాత్రం ఆ తర్వాత ఒక్క జోరీగ ముట్టుకుంటే ఒట్టు! నాకా, అసలే నోరెక్కువ. "నా రక్తం చేదు బాబాయ్, జోరీగలకి నేనంటే హడల్" అని కోతలు కోసేదాన్ని. "అలాగే ఉందమ్మాయ్" అంటూ ఆయన మెడ మీద ఐసు రాసుకునేవాడు.

పని పూర్తయింది. నన్ను బయటి పనికే ఖాయం చేస్తూ కాగితం వచ్చింది. అది చూపిద్దామని ఆదివారం బాబాయి ఇంటికి వెళ్లాను. ఆయన బజారుకు వెళ్లాడు. పిన్ని వరండాలో కూర్చుని కిరోసిన్ గుడ్డతో ఆ కోటు జిగురు వదలగొడుతోంది.

"రామ్మా. ఈ మాయదారి రూలు ఎప్పుడు తీసేస్తారే మీ ఆఫీసులో?"

"ఏ రూలు పిన్నీ?"

"అదే, గొలుసు పట్టేవాళ్లు నీలం కోటు వేసుకోవాలని పెట్టారటగా. ముప్పయ్యేళ్లూ తెల్లచొక్కాల్లో మహారాజులా తిరిగిన మనిషి. నీ మొహం వాచిందే, ఆ వారమే వచ్చిందట రూలు. ఇప్పుడాయన మెడంతా దద్దుర్లే, రాత్రిళ్లు ఒకటే మంట."

నా రక్తం చేదట! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్లు మండిపోయింది ఆయన మీద. అంతకంటే ఎక్కువ ప్రేమ ముంచుకొచ్చింది.

అంతలో బాబాయి సంచీతో గుమ్మంలోకి వచ్చాడు.

"బాబాయ్, ఆ కోటు రూలు..."

ఆయన పిన్ని వైపు చూశాడు, కోటు వైపు చూశాడు, సంగతి బయటపడిందని తెలుసుకున్నాడు.

"దాన్ని గోకొద్దమ్మాయ్. గోకినకొద్దీ పెరుగుతుంది" అని మొహం అటు తిప్పుకున్నాడు.

మాటైతే అన్నాడు గానీ, చెయ్యి ఆయన మాట వినలేదు. నెమ్మదిగా మెడ మీదికి పాకింది.

"గోకొద్దు!" అని నేనూ పిన్నీ ఒక్కసారే అరిచాం.

బాబాయి ఉలిక్కిపడి చెయ్యి దించేశాడు. నేను లోపలికెళ్లి క్యారేజీ తెచ్చి, ఆయన్ని కూర్చోబెట్టి, పై గిన్నె తీశాను.