గుర్తులు లేని కార్డు హోల్డర్

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు నన్ను కరీంనగర్‌లో బస్టాండు కంట్రోలర్‌గా వేశారు. బస్సుల రాకపోకలు రాసుకోవడం, ప్రయాణికుల ఫిర్యాదులు తీసుకోవడం కంట్రోలర్ పని. మొదటిదానికి పెన్ను చాలు.

ఎండాకాలం ఒక ఉదయం మెట్‌పల్లి బస్సు దిగి ఒక గ్రానైట్ వ్యాపారి నా గదికి వచ్చారు. కారు షెడ్డులో ఉండబట్టి బస్సెక్కాల్సి వచ్చిందని నేను అడగకముందే చెప్పారు. ఆయన కార్డు హోల్డర్ పోయింది. తీసింది కండక్టరేనని ఆయన తీర్పు. టికెట్టుకు కార్డు తీసినప్పుడు ఆమె దానివైపే చూసిందట. అంతకన్నా రుజువేం కావాలి?

ఫిర్యాదు ఫారంలో వస్తువు గుర్తులు రాయాలి. అడిగాను.

"ఇటలీల చేత్తోని కుట్టింది సార్. నల్ల తోలు. నాలుగు కార్డులు పడ్తయ్, గంతే."

దానిమీద పేరుగానీ బొమ్మగానీ ఉందా అన్నాను.

"ఏముండయ్. గదే దాని గొప్పతనం. తెలిసినోళ్లకు తెలుస్తది."

నాకు తెలియలేదు. "గుర్తులు: లేవు" అని రాశాను.

కండక్టర్ రూత్‌ను పిలిపించాను. బస్సులో దొరికిన పాత గొడుగును కూడా రసీదు తీసుకుని అప్పగించే మనిషి. అయినా పద్ధతి పద్ధతే కదా! ముగ్గురు సాక్షుల ముందు ఆమె బ్యాగు విప్పించాను. నీళ్ల సీసా, అన్నం డబ్బా, దువ్వెన, చిన్న బైబిలు బయటికొచ్చాయి. ఇటలీ తోలు జాడ లేదు.

"బైబిలు గూడ దులపాల్నా సార్?" అంది రూత్.

"దులపమనుండ్రి," అన్నారాయన. నేను ఆపలేదు. ఆమె దులిపింది.

ఇక డ్యూటీ నుంచి దింపి డిపోకు పంపే కాగితం మిగిలింది. అది వెళ్తే విచారణ, సస్పెన్షన్ తప్పవు. సంతకం పెట్టబోతుంటే రూత్ ఆయనవైపు తిరిగి, "జర మీ జేబులు చూసుకున్నరా?" అని అడిగింది. ఆయనకు కోపమొచ్చింది. ఆ కోపంలోనే జేబులు తిరగేశారు. చొక్కా జేబులో ఫోను వెనక అతుక్కుని ఉంది కార్డు హోల్డర్.

ఆయనేమీ సిగ్గుపడలేదు. "చూసిండ్రా సార్, ఎంత సన్నగున్నదో! జేబుల ఉన్నట్టే తెల్వది," అని నా చేతికిచ్చారు. అబద్ధమెందుకు, కుట్టు చాలా బాగుంది.

ఆయన లేవబోతే రూత్ తలుపు దగ్గర నిలబడింది. "తప్పయిందని రాసిచ్చి పోండ్రి సార్."

"నోటితోని చెప్తే సాలదా?"

"నన్ను దొంగని కాగితం మీద రాయించిండ్రు గద. గిది గూడ కాగితం మీదనే రాయుండ్రి."

ఆయన రాశారు. ఆమె ఆ కాగితం నా ముందు పెట్టింది. సాక్షి సంతకమా అని అడిగాను.

"కాదు సార్. ఆయన కింద మీది."

పెట్టాను. జేబులు చూసుకోమనడానికి అర నిమిషం చాలు. ఆయన చొక్కా ఇస్త్రీ చూసి నేను ఆ మాట అడగలేదు, ఆమె ఖాకీ చూసి బ్యాగు విప్పించాను. ఆ తర్వాత ఏ ఫిర్యాదు వచ్చినా, ఫారం తీయకముందే తెచ్చినవారిని జేబులు చూసుకోమన్నాను. కొందరు నొచ్చుకున్నారు. వారికి కుర్చీ వేశాను, జేబులు చూసుకునేదాకా ఫారం మాత్రం ఇవ్వలేదు.