టేపుకెక్కని నాయన మాట

ఎనభైల్లో సంగతి. తమిళనాడు ధర్మపురిలో బీఎస్సీ ఫిజిక్సు పాసై, మా వంశంలో మొదటి డిగ్రీతో కావేరి జలపాతం పక్కనే ఉన్న మా ఊరు హొగేనక్కల్‌కు పరుగెత్తాను. స్నేహితురాలి టేపురికార్డరు కూడా తెచ్చాను. లోపలి సెన్సరు గొంతును పసిగడితేనే టేపు తిరుగుతుంది, మాట ఆగితే ఆగిపోతుంది. జలపాతం హోరుకు తిరగకుండా సెన్సరు నాబ్ తగ్గించి, గొప్పగా నాయన ముందు పెట్టాను.

ఏట్లో పుట్టి, అదే గుండ్రటి బుట్ట పడవ, నడిపే నాయనకు గొంతు జబ్బు. మాట గుసగుసగానే వచ్చేది.

"దీనికి నా మాట వినపడతాదా తల్లీ?"

"నీ బిడ్డ ఫిజిక్సు చదివింది నాయనా! నువ్వు మాట్లాడతా ఉండు, నేను ఊరంతా చెప్పేసి వస్తా."

"పో పో, చేపలు వేయించేవాళ్లను కూడా వదలొద్దు!" అని అమ్మ నవ్వింది.

తిరిగొచ్చేసరికి నాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. "నాయనా, నిద్రపోయినావా?" అని దుప్పటి కప్పాను.

"చానాసేపు చెప్పినాడే నీకు. పొయ్యి కాడ నాకేం వినపడలే," అంది అమ్మ.

తీరిగ్గా విందామని టేపును దాచుకున్నాను. పది రోజులకే నాయన పోయాడు.

కర్మలయ్యాక టేపు పెట్టాను. నా గొంతు, అమ్మ నవ్వు, ఆ వెంటనే "నాయనా, నిద్రపోయినావా?" అంటూ మళ్లీ నేనే. నేను తగ్గించిన నాబ్‌తో ఆయన గుసగుసకు టేపు తిరగనేలేదు.

నా డిగ్రీ సంగతి వినని ఇల్లు మా ఊళ్లో లేదు. దాని గురించి నాయన ఏమన్నాడో విన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.