దొడ్లో పిచ్చుకలకు నేను కాసిన కాపలా

డెబ్బైల చివర్లో టీచరు ఉద్యోగం వచ్చి ఆళ్లగడ్డలో ఒక్కదాన్నే అద్దెకు దిగాను. ఇల్లు వదిలి ఉండటం అదే మొదలు. సాయంత్రమైతే ఆ ఒంటిగదిలో పిచ్చెక్కేది. అది తెలిసి నంద్యాల నుంచి నాయన, సబ్బుల పెట్టె చెక్కలతో పిచ్చుకలకు చిన్న గూడుపెట్టె చేసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దొడ్డిగోడకు మేకు కొట్టి తగిలించాడు. ముందు బొక్క మాత్రం నా పిడికిలంత కోశాడు.

"ఇంత పెద్దదా నాయనా?"

"ఈ ఎండలకు గాలాడొద్దా మ్మా వాటికి?"

వారానికే పిచ్చుకల జంట చేరింది. గడ్డి, చీపురుపుల్లలు, నా చిక్కువెంట్రుకలు, ఏది దొరికితే అది మోసుకుపోయాయి. అవి లేనప్పుడు స్టూలెక్కి చూస్తే మూడు గుడ్లు. ఇంకొన్నాళ్లకు చూస్తే తెరుచుకున్న మూడు నోళ్లు. ఎవరికి చెప్పుకోను ఆ సంబరం!

అప్పుడు దిగాయి గోరింకలు. ఆ పసుపు కాళ్లు, ఆ నడక, అబ్బో, ఇల్లు వాటి పేరున రాసిచ్చినట్టే! ఒకటి బొక్కలో తల దూర్చి గడ్డి పీకి పారేస్తుంటే మగపిచ్చుక మీదపడి అరుస్తోంది. నాకు ఒళ్లు మండి చెంబుడు నీళ్లు విసిరాను. పోయినట్టే పోయి మళ్లీ గోడెక్కాయి. మర్నాడు బళ్లో లెక్కలు చెబుతున్నా మనసంతా దొడ్లోనే. ఒంటిపూట బడి వదలగానే పరుగున ఇంటికొచ్చి చూశాను. కూనలు ఇంకా బతికే ఉన్నాయి.

కిరాణా అంగడి నడిపే ఇంటామె పాత నూనెడబ్బా రేకు ఇచ్చింది. దానికి పిచ్చుక మాత్రమే పట్టేంత బొక్క కోసి, శనివారం సాయంత్రం పెట్టెకు బిగించాను. అయినా నమ్మకం లేదు. ఆదివారం చర్చి ఎగ్గొట్టి, తెల్లారగానే పెట్టెకు రెండు బారల దూరంలో కట్టె పట్టుకుని కూర్చున్నాను.

"ఏందమ్మా టీచరమ్మా, దొంగలకు కాపలా కాస్తాండావా?" అంది ఇంటామె.

"దొంగలకే అక్కా! రానీ, కాళ్లిరగ్గొడతా."

గోరింకలు రాలేదు. కానీ పిచ్చుకలూ గూట్లోకి పోలేదు. ముక్కున పురుగు పట్టుకుని గోడ మీద ఆ చివరి నుంచి ఈ చివరికి ఎగరడమే. లోపల కూనలు ఒకటే అరుపు. రేకు మెరుపుకు బెదిరాయేమోనని పెనం మసి తెచ్చి పూశాను. ఊహూ. రేకు తీస్తే గోరింకలు, ఉంచితే ఆకలి. దిక్కుతోచక ఏడుపొచ్చింది. మధ్యాహ్నానికి అరుపులు పలచబడ్డాయి. నేను మాత్రం కదల్లేదు. నీళ్లు కూడా అక్కడే తాగాను.

ప్రార్థన ముగించుకుని నాయన మూడు గంటల బస్సుకు దిగాడు. దొడ్డి వాకిట్లో నిలబడి నన్నూ గోడనూ కాసేపు చూశాడు.

"పొద్దన్నుంచీ ఈడ్నే కూచున్యావా?"

"లేస్తే గోరింకలొస్తాయి నాయనా."

"అవి రేకుకు కాదు మ్మా, నీకు భయపడ్తాండాయి. ఆ కట్టె ఆడ పారేసి లోపలికి రా."

తలుపు సందులోంచి చూశాం. పది నిమిషాలు కాలేదు, ఆడపిచ్చుక రేకు బొక్కలోంచి సర్రున దూరింది. వెనకే గోరింక వచ్చింది. నాయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అది రేకును నాలుగు పోట్లు పొడిచి, తల పట్టక ఎగిరిపోయింది. రేకు ఒక్కటే సరిపోయేది. నా కాపలా అవసరమే లేదు.

మర్నాడు నేను లేచేసరికి నాయన కరివేపాకు చెట్టు మొదట్లో మన్ను చదును చేసి చేతులు కడుక్కుంటున్నాడు. పెట్టెలోంచి ఒక్క గొంతే వినిపిస్తోంది. నేను చెట్టువైపు చూడటం చూశాడు.

"ఒక్క గుడ్డే పెట్టినట్టుంది లే మ్మా. గట్టిపిల్ల, బతుకుతాది."

గోరింకలు ముట్టనైనా ముట్టలేదు. ఆకలికి మాడ్చి చంపింది నేనే. మూడు నోళ్లు నా కళ్లతో చూశానని నాయన పోయేదాకా ఆయనతో అనలేదు.